పునాది తవ్వకముందే అడగవలసిన ప్రశ్న
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు ఒక మాట చెప్పారు. "పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారండీ, మీరు మాత్రం పిల్లలకు పనికొచ్చే సంగతి ఏదైనా మాట్లాడండి" అన్నారు. నాకు తెలిసిన పనికొచ్చే సంగతి ఒకటే. ముప్పై ఏళ్లుగా రసాయన పరిశ్రమల్లో పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం ఫ్యాక్టరీ ముందు గేటు దగ్గర కాదు, వెనక వైపు, వ్యర్థజలాలు శుద్ధిచేసే ప్లాంటు దగ్గర గడిచింది. ఆ పనిలో నాకు తోటి ఇంజనీర్లతో ఎంత పరిచయం ఉందో, లాయర్లతోనూ అంతే పరిచయం ఏర్పడింది. పర్యావరణ చట్టాలు చూసే లాయర్లు పరిశ్రమలకు చేసే సాయమేమిటి, ఆ సాయం ఎప్పుడు అందితే ఫలితం ఉంటుంది అన్నది ఇవాళ మీకు చెప్పదలుచుకున్నాను.

"ఇంజనీరువి నువ్వు, లాయర్ల సంగతి నీకెందుకు?" అని మా బ్యాచ్ వాళ్లు ఇప్పటికే నవ్వుతున్నారు. కారణం చెబుతాను. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది పిల్లలు పరవాడ ఫార్మాసిటీలోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో ఉద్యోగాలు చేస్తున్నారు. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు వస్తోంది. అదే ఇళ్లలో పెద్దవాళ్లకు తాండవ ఆయకట్టు కింద పొలాలున్నాయి, వరాహ నది ఒడ్డున తోటలున్నాయి. ఏజెన్సీలో మన బంధువులో స్నేహితులో ఉన్నారు. ఫ్యాక్టరీ జీతమూ మన ఇంటికే రావాలి, మంచి నీళ్లూ మన ఇంటికే రావాలి. ఫ్యాక్టరీ ఒక పక్క, ఊరు ఒక పక్క అని చెప్పుకోవడానికి మనకు వీల్లేదు. అందుకే ఈ సంగతి మనకు అవసరం.

ముందుగా చట్టం ఏమడుగుతుందో క్లుప్తంగా చెబుతాను. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. వాయు కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అందులోని జాబితాలో ఉన్న పరిశ్రమ ఏదైనా పని మొదలుపెట్టే ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ఇది కాక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సమ్మతులు రెండు రకాలు. ఫ్యాక్టరీ కట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి. అడవి భూమి అయితే అటవీ అనుమతి వేరే. ఏజెన్సీ అయితే భూ బదలాయింపు నిబంధనలు వేరే. గ్రామసభ వేరే.

ఇన్ని కాగితాలు చూసేసరికి కొత్తగా పరిశ్రమ పెట్టేవాడికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పంచాయతీ ఇచ్చిన తీర్మానం, కలెక్టరు గారి ఆఫీసు ఇచ్చిన భూ వినియోగ మార్పిడి ఉత్తర్వు, ఢిల్లీ నుంచి వచ్చిన లెటర్ ఆఫ్ ఇంటెంట్, అన్నీ ఫైల్లో పెట్టుకుని "అనుమతులన్నీ వచ్చేశాయి" అంటాడు. లాయరు చేసే మొదటి పని ఆ ఫైలు విప్పి, ఏ కాగితం దేనికి పనికొస్తుందో, ఏది లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా లేనట్టే అవుతుందో విడదీసి చెప్పడం. వినడానికి చిన్న పనిలా ఉంటుంది. అది సరిగ్గా జరగక కోట్ల రూపాయలు మట్టిలో పోసిన కథలు మన తెలుగు నేల మీదే ఉన్నాయి. మూడు చెబుతాను.

మొదటిది హైదరాబాదు శివార్లలోది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ నగరానికి తాగునీటి జలాశయాలు. ఆముదం నుంచి రకరకాల ఉత్పత్తులు తీసే ఒక కంపెనీ 1993లో శంషాబాద్ మండలం పెద్దషాపూర్ గ్రామంలో 12 ఎకరాలు కొన్నది. 1996 జనవరిలో కేంద్రం లెటర్ ఆఫ్ ఇంటెంట్ ఇచ్చింది, కానీ పర్యావరణ అనుమతి తెచ్చుకోవాలన్న షరతుతో. ఆ ఏడాది మార్చి 8న ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపల కాలుష్యం కలిగించే పరిశ్రమలు కూడదన్నది దాని సారాంశం. అలాంటి కట్టడి అంతకుముందు జీవోలోనూ ఉంది. కంపెనీ స్థలం ఆ 10 కిలోమీటర్ల లోపలే ఉంది. కాలుష్య నియంత్రణ మండలి కుదరదన్నది. కంపెనీ మాత్రం పంచాయతీ అనుమతీ, భూ వినియోగ మార్పూ చేతిలో ఉన్నాయని కట్టడాలు పూర్తిచేసి యంత్రాలు బిగించేసింది.

తర్వాతి కథ లాయర్లు బాగా చదవవలసినది. 1997 జూలైలో ప్రభుత్వం ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు ఇస్తూ మరో జీవో ఇచ్చింది. మండలి అయినా సమ్మతి ఇవ్వలేదు. కంపెనీ అప్పీలుకు వెళ్లి 1998 జనవరిలో గెలిచింది. మే నెలలో హైకోర్టులోనూ గెలిచింది. మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 జనవరి 27న ఒకసారి, 2000 డిసెంబరు 1న చివరిసారి సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. కంపెనీ ఓడిపోయింది. చట్టం వద్దన్న చోట ప్రభుత్వం ఒకరికి మాత్రం మినహాయింపు ఇవ్వడం చెల్లదన్నది. తాగునీటికి ముప్పు లేదని నిరూపించే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదే తప్ప, ముప్పు ఉందని నిరూపించే భారం ఊరివాళ్ల మీద వెయ్యకూడదన్నది. 'ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసు' అని దేశంలో లా కాలేజీలన్నిటా పాఠంగా చెబుతారు. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాధరావు గారు తెలుగువారు. పర్యావరణ వివాదాల్లో సైన్సు తెలిసినవాళ్లు కూడా న్యాయమూర్తుల పక్కన కూర్చోవాలని ఆ తీర్పులో చెప్పారు. తర్వాత ఆయనే లా కమిషన్ అధ్యక్షుడిగా 2003లో పర్యావరణ న్యాయస్థానాలు కావాలని నివేదిక ఇచ్చారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడడానికి వేసిన దారిలో అదొక మెట్టు.

నేను ఈ కథలో మిమ్మల్ని చూడమనేది కంపెనీ వైపు నుంచి. అప్పీలులో గెలిచారు, హైకోర్టులో గెలిచారు. వాళ్ల లాయర్లు అసమర్థులేమీ కాదు. కానీ ఆ లాయర్ల దగ్గరికి పని వచ్చేసరికే భూమి కొనేశారు, గోడలు లేచాయి, యంత్రాలు దిగాయి. అప్పటికి ఏ లాయరైనా చేయగలిగింది వాదించడమే. 1993లో, ఆ 12 ఎకరాలు కొనకముందు, ఒక్క మనిషి మ్యాపు ముందేసుకుని "ఈ స్థలం నుంచి చెరువు ఎంత దూరం? వాన నీళ్లు ఎటు పారతాయి?" అని అడిగి ఉంటే ఆ డబ్బూ, అన్నేళ్ల కాలమూ మిగిలేవి.

రెండో కథ మన ఇంటి ముందరిది.

అడవికీ చట్టానికీ మన ప్రాంతంలో పాత లెక్కలున్నాయి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని కట్టడి చేసింది. ఆ బాధ నలభై ఏళ్లు రగిలి 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసేదాకా వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక గిరిజనుల భూమిని కాపాడడానికి 1959లో భూ బదలాయింపు నిబంధన వచ్చింది, 1970లో దాన్ని గట్టిపరిచారు. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ కాకూడదు. అయినా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు గనుల లీజులు ఇచ్చారు. 'సమత' అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు చెప్పింది: ఆ నిబంధనలో 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంది. కాబట్టి ప్రభుత్వం తన భూమినైనా సరే అక్కడ గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడానికి వీల్లేదు. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరిది ఈ మాట, ఒకరిది వేరే అభిప్రాయం. ప్రభుత్వ రంగ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వుకోవచ్చన్నారు.

ఆ చివరి వాక్యం ఆధారంగానే తర్వాతి ప్రణాళిక తయారైంది. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ బాక్సైటు తవ్వుతుంది, ప్రైవేటు కంపెనీ కొండ కింద మైదానంలో శుద్ధి కర్మాగారం పెట్టుకుని ఆ ఖనిజం కొనుక్కుంటుంది. 2007లో ఒప్పందం కుదిరింది. మన పక్కనే మాకవరపాలెం మండలం రాచపల్లిలో ఏడాదికి 15 లక్షల టన్నుల సామర్థ్యంతో అన్‌రాక్ అల్యూమినా కర్మాగారం లేచింది. నర్సీపట్నం నుంచి ఆ దారిన పోయిన ప్రతివాళ్లూ ఆ పొగగొట్టాలు చూసినవాళ్లే. ఖనిజం రావలసినది చింతపల్లి అడవుల్లోని జెర్రెల నుంచి. గిరిజనులు ఒప్పుకోలేదు. 2015 నవంబరులో 1,212 హెక్టార్ల అటవీ భూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు ఇస్తూ జీవో 97 వచ్చింది. మన్యమంతా లేచింది. జీవోను పక్కన పెట్టారు. 2019లో రద్దే చేశారు. ఇందులో పెట్టుబడి పెట్టిన రస్ అల్ ఖైమా సంస్థ భారత ప్రభుత్వం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వం దాకా వెళ్లింది.

అక్కడ ఉద్యోగాలు వస్తాయని ఆశపెట్టుకున్న కుటుంబాలు మన మండలాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్ల నిరాశ నాకు తెలుసు. అలాగే కొండ మీద కాఫీ, మిరియాలు, వాగు నీళ్లు పోతాయని భయపడినవాళ్ల మాటా నాకు తెలుసు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది ఈ వేదిక మీద తేల్చడానికి రాలేదు. ఇంజనీరుగా నాకు కనబడేది ఇది. ముడిసరుకు చేతికి వచ్చే దారి చట్టంలో తేలకముందే శుద్ధి కర్మాగారం కట్టారు. కాగితం మీద 'సమత' తీర్పుకు సరిపడే దారి ఒకటి కనిపించింది. కానీ 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2013 ఏప్రిల్ 18న ఒడిశాలోని నియమగిరి కేసులో సుప్రీంకోర్టు, కొండ మీద గ్రామసభలే తమ హక్కుల సంగతి తేల్చాలన్నది. అక్కడ 12 గ్రామసభలు పెడితే 12 కూడా వద్దన్నాయి. అక్కడా కొండ కింద లాంజీగఢ్‌లో కర్మాగారం అప్పటికే కట్టి ఉంది. రెండు రాష్ట్రాల్లో ఒకే కథ.

ఇక్కడ మంచి లాయరు ఏం చెప్పేవాడు? "ఈ తీర్పు ప్రకారం చేయవచ్చు" అని మాత్రమే చెప్పి ఫీజు తీసుకునేవాడు ఒక రకం. "చేయవచ్చు, కానీ గ్రామసభ ఒప్పుకోకపోతే మొత్తం ఆగిపోతుంది. ముందు కొండ మీదికి వెళ్లండి, తర్వాత కాంక్రీటు సంగతి చూద్దాం" అని చెప్పేవాడు రెండో రకం. మొదటి రకం మాట యజమానికి చెవికి ఇంపుగా ఉంటుంది. రెండో రకం మాట వినబుద్ధి కాదు. బ్యాంకు అప్పు వడ్డీ లెక్కవేసుకున్నప్పుడు ఏ మాట విలువ ఎంతో తెలుస్తుంది.

మూడో కథ చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగి ఉంది, ట్యాంకులో స్టైరీన్ నిలవ ఉంది. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, గట్టిపడకుండా ఆపే మందు సరిపడా కలుపుతూ ఉండాలి. లేకపోతే దానంతటదే వేడెక్కి ఇంకా వేడి పుట్టిస్తుంది. అది ఇంజనీర్ల పాఠం. లాయర్ల పాఠం ఇంకొకటి ఉంది.

ఆ ఫ్యాక్టరీ 1961 నాటిది. అప్పటికి పర్యావరణ అనుమతి అన్న మాటే లేదు. 1997లో చేతులు మారింది. తర్వాత ఉత్పత్తి పెరిగింది. రాష్ట్ర మండలి సమ్మతులు ఉన్నాయి. కానీ తాము తయారుచేస్తున్న పరిమాణానికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని ఆ కంపెనీయే 2019 మేలో ఇచ్చిన అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ప్రమాదం జరిగింది ఆ తర్వాత ఏడాదికి. మండలి సమ్మతి ఒకటి, పర్యావరణ అనుమతి ఒకటి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. ఇందాక ఫైలు విప్పి విడదీయడం అన్నానే, దాని అర్థం ఇదే. అనుమతి కాగితం ఉండి ఉంటే గ్యాసు వచ్చేది కాదని నేను అనడం లేదు. అయితే ఆ అనుమతి కోసం వెళ్లినప్పుడు ప్రమాదాల అంచనా అడుగుతారు, చుట్టూ ఎన్ని ఇళ్లున్నాయో అడుగుతారు, ఊరివాళ్ల ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరిగే సందర్భమూ వస్తుంది. ఆ ప్రశ్నలు ఎవరో ఒకరు అడగవలసిన చోట అడగకుండా పోయాయి.

మర్నాడే, మే 8న, హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా కేసు చేపట్టి 50 కోట్ల రూపాయలు ముందుగా కట్టమన్నది. జస్టిస్ బి. శేషశయనారెడ్డి గారి అధ్యక్షతన కమిటీ వేసింది. ఎవరూ పిటిషన్ వెయ్యకుండా ట్రిబ్యునల్ కేసు చేపట్టవచ్చా అని వాదన నడిచింది. అదే ప్రశ్న మీద 2021 అక్టోబరు 7న వేరే కేసుల్లో సుప్రీంకోర్టు, చేపట్టవచ్చని తేల్చింది. ప్రమాదకరమైన పదార్థాలతో వ్యాపారం చేసేవాడు, తప్పు తనదని రుజువైనా కాకపోయినా, జరిగిన నష్టానికి పూర్తి బాధ్యుడు. 1980ల్లో ఢిల్లీ ఓలియం గ్యాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఈ సూత్రాన్నే ఇక్కడా వర్తింపజేశారు. అంటే, మా నిర్లక్ష్యం లేదు అన్న వాదన అక్కడ పనికిరాదు. ప్రమాదం జరిగాక లాయరు చేయగలిగింది చాలా తక్కువ.

ఇప్పుడు పెద్ద కంపెనీలు వదిలి మన చుట్టూ ఉన్న చిన్న పరిశ్రమల సంగతి చూద్దాం. జీడిపప్పు యూనిట్లు, రైసు మిల్లులు, ఇటుక బట్టీలు, క్వారీలు, క్రషర్లు. వీళ్లకు ఢిల్లీ లాయర్లు అక్కర్లేదు, అంత స్తోమతా ఉండదు. కానీ వీళ్లకు కూడా కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. నేను లాయర్ల పక్కన కూర్చుని నేర్చుకున్నవి చెబుతాను, రాసుకోండి.

ఒకటి, గడువులు. మండలి ఉత్తర్వు మీదనో, పర్యావరణ అనుమతి మీదనో హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవడానికి 30 రోజులు. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు. 91వ రోజున ఎంత న్యాయం మీ పక్షాన ఉన్నా తలుపు మూసేస్తారు. మన ప్రాంతానికి ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. నోటీసు వచ్చిన రోజే తేదీ వేసుకోవాలి. ఇది పరిశ్రమకు ఎంతో, అనుమతి మీద అభ్యంతరం ఉన్న ఊరివాళ్లకూ అంతే.

రెండు, నమూనా. మండలి అధికారులు వ్యర్థజలాల నమూనా తీసేటప్పుడు చట్టం ఒక పద్ధతి చెప్పింది. ఫ్యాక్టరీ వాళ్లకు అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. వాళ్ల ఎదుట నమూనాను రెండు భాగాలు చేసి, సీళ్లు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. చాలాచోట్ల ఫ్యాక్టరీ వాళ్లు అధికారులను చూడగానే మేనేజరు ఊళ్లో లేడని చెప్పించి తప్పుకుంటారు. అది తెలివి కాదు. పక్కన నిలబడితే రెండో భాగం కూడా పరీక్షకు పంపమని అడిగే హక్కు ఉంటుంది. తప్పుకుంటే ఆ హక్కు పోతుంది.

మూడు, మూసివేత నోటీసు. పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం మూసివేతకు ముందు అభ్యంతరం చెప్పుకోవడానికి మామూలుగా కనీసం 15 రోజులు ఇవ్వాలి. తక్షణ ప్రమాదం ఉంటే ఆ గడువు ఉండదు. ఆ 15 రోజుల్లో పదవులవాళ్ల ఇళ్ల చుట్టూ తిరగడం మన అలవాటు. ఆ సమయంలో చేయవలసింది, ఎక్కడ లోపం ఉందో ఒప్పుకుని, ఎన్ని రోజుల్లో ఏం బాగుచేస్తామో లెక్కలతో సమాధానం రాయడం. ఆ సమాధానం లాయరు ఒక్కడు రాయలేడు. పంపు సామర్థ్యం ఎంత, ట్యాంకు ఎంతసేపట్లో నిండుతుంది అన్నది ఇంజనీరు చెప్పాలి. ఇంజనీరు ఒక్కడు రాసినా కుదరదు. ఏ షరతు కింద ఏ మాట చెప్పాలో లాయరు చూడాలి. ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చున్న సమాధానాలు నిలబడడం నేను చూశాను.

నాలుగు, షరతులు. పర్యావరణ అనుమతి పత్రంలో చివరి పేజీల్లో షరతుల జాబితా ఉంటుంది. అవి ఎంతవరకు పాటించారో ఏడాదికి రెండుసార్లు, జూన్ 1కీ డిసెంబరు 1కీ నివేదిక ఇవ్వాలి. చాలా ఫ్యాక్టరీల్లో ఆ పత్రం ఆఫీసు బీరువాలో ఉంటుంది. షరతులు పాటించవలసిన ఆపరేటరు దాన్ని ఎప్పుడూ చూసి ఉండడు. నేను పనిచేసిన ఒకచోట ఒక యువ న్యాయవాది వచ్చి, ఆ షరతులన్నిటినీ తెలుగులో రాయించి ప్లాంటు గోడ మీద అంటింపజేసింది. "మీరు కోర్టులో చెప్పేది వీళ్లు ఇక్కడ చేసేదే కదండీ" అన్నది. ఆ అమ్మాయికి కెమిస్ట్రీ రాదు. కానీ నేను చూసిన పర్యావరణ న్యాయవాదుల్లో ఆమెను ముందు వరసలో పెడతాను.

ఆమె గురించే ఇంకో సంగతి. కంపెనీకి ఒక కొత్త ఉత్పత్తికి ఆర్డరు వచ్చింది. రియాక్టరు ఖాళీగా ఉంది, మొత్తం పరిమాణం అనుమతి మించదు. యాజమాన్యం మొదలుపెట్టేద్దామన్నది. ఆమె సమ్మతి పత్రంలో ఉత్పత్తుల జాబితా తీసి, ఆ పేరు అందులో లేదని చూపించింది. సవరణ తెచ్చుకునేదాకా ముట్టుకోవద్దన్నది. కొన్ని నెలలు పట్టింది. ఆర్డరు వేరేవాళ్లకు పోయింది. ఆ రోజు ఆమె మీద చిరాకు పడనివాళ్లు లేరు. చట్టం మాట వినడానికి ఖర్చవుతుంది, అందులో దాపరికం అక్కర్లేదు. అయితే 2020 ఏప్రిల్ 1న గుజరాత్‌లోని అంకలేశ్వర్ కేసులో సుప్రీంకోర్టు, ముందస్తు అనుమతి లేకుండా నడిచిన మూడు కంపెనీలను తలా 10 కోట్లు కట్టమన్నది. ముందు పని, తర్వాత అనుమతి అన్న పద్ధతి పర్యావరణ న్యాయానికి సరిపడదన్నది. ఆ తర్వాత ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టులోనే ఒకసారి అటూ, ఒకసారి ఇటూ అభిప్రాయాలు వచ్చాయి. అలా అటూ ఇటూ ఊగే చోట తన ఫ్యాక్టరీని నిలబెట్టుకోవాలని ఏ యజమానికైనా ఉంటుందా? గనుల విషయంలో అయితే ఇంకా గట్టి మాట ఉంది. 2017 ఆగస్టు 2న ఒడిశా గనుల కేసులో, అనుమతి లేకుండా తవ్విన ఖనిజం విలువ నూటికి నూరు శాతం కక్కించమని తీర్పు వచ్చింది. మన చుట్టుపక్కల క్వారీల వాళ్లు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు.

మీలో ఒక అనుమానం ఉంటుంది, అది న్యాయమైనదే. "కంపెనీ జీతం ఇచ్చే లాయరు ఊరికేం మేలు చేస్తాడు? తప్పు కప్పిపుచ్చడానికే కదా వాళ్లను పెట్టుకునేది?" అలాంటివాళ్లు ఉన్నారు. ఇంజనీర్లలోనూ ఉన్నారు, రాత్రిపూట వాల్వు తిప్పి వాగులోకి వదిలేవాళ్లు. వాళ్లకు నేను వకాల్తా తీసుకోను. కానీ ఒక మాట ఆలోచించండి. ఊరివాళ్ల ఫిర్యాదు, అధికారి తనిఖీ, కోర్టు తీర్పు, ఇవన్నీ ఫ్యాక్టరీకి బయట నుంచి వచ్చేవి, చాలాసార్లు ఆలస్యంగా వచ్చేవి. యజమాని గదిలో కూర్చుని, తలుపు వేసి ఉండగా, ఇంకా నష్టం జరగకముందు "ఇది చేయకండి" అని చెప్పగలిగే అవకాశం ఇద్దరికే ఉంటుంది. ఒకరు ఇంజనీరు, ఒకరు లాయరు. ఇంజనీరు చెబితే "భయపడకయ్యా, చూసుకుందాం" అంటారు. లాయరు చెబితే కాస్త ఆగుతారు. ఆ గదిలో ఆ ఒక్క మాట అన్నవాడు కంపెనీకీ మేలు చేసినట్టే, గోడ అవతల నిద్రపోతున్న ఊరికీ మేలు చేసినట్టే.

చివరగా పిల్లల కోసం రెండు ముక్కలు. ఈ బడిలో మాకు సైన్సు బాగా వస్తే ఇంజనీరింగు, రాకపోతే లా అని ఒక లెక్క ఉండేది. మేష్టార్లు క్షమించాలి, ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. హరిత ట్రిబ్యునల్‌లో న్యాయమూర్తి పక్కన నిపుణ సభ్యుడు కూర్చుంటాడు. అక్కడ వాదించాలంటే నీళ్లలో సీవోడీ అంటే ఏమిటో, గాలి ఏ కాలంలో ఎటు వీస్తుందో తెలియాలి. సైన్సు చదివి లా చదివినవాళ్లు మన రాష్ట్రంలో చాలా తక్కువ. పైగా మన ప్రాంతం పిల్లలకు ఇంకొకటి తెలుసు. కొండ మీద గ్రామసభలో మనుషులు ఎలా మాట్లాడతారో, మైదానంలో ఉద్యోగం కోసం ఇల్లు ఎలా ఎదురుచూస్తుందో రెండూ చూసి పెరిగారు. చెన్నైలోనో ఢిల్లీలోనో పెరిగినవాళ్లకు అది పుస్తకంలో దొరకదు. మీలో ఒక్కరైనా ఆ దారి పట్టాలని నా కోరిక.

వ్యాపారం పెట్టే తమ్ముళ్లకు నా మనవి చిన్నదే. శంకుస్థాపనకు ముహూర్తం అడగడానికి పంతులు గారి దగ్గరికి ఎలాగూ వెళతారు. అంతకంటే ముందు, ఆ భూమికి బయానా ఇవ్వకముందే, ఒక న్యాయవాది దగ్గరికి వెళ్లండి. "ఇక్కడ ఇది పెట్టవచ్చా?" అని అడగండి. "కుదరదు" అన్నాడని లాయరును మార్చకండి, స్థలాన్ని మార్చండి.